చదువుకు పంపుతున్నామా, సావాసానికా?



పరీక్షా ఫలితాలు వెలువడి, కౌన్సెలింగ్ తేదీలు పత్రికలలో పడిన నాటి నుండి మన విచారణలలోని చాలా ఇళ్ళలో ఒకటే చర్చ. పిల్లవాడికి రెండు చోట్ల సీటు వచ్చింది, ఎక్కడ చేర్చాలి? ఫీజు ఎంత, హాస్టలుకు ఎంత, రైలు ఉందా బస్సేనా, చదువయ్యాక ఉద్యోగం దొరుకుతుందా అని తల్లిదండ్రులు కాగితం మీద రెండు వరుసలు గీసి లెక్కలు వేస్తారు. అంతవరకు పేచీ లేదు. పిల్లవాడు మెల్లగా నోరు విప్పి, “నాన్నా, అక్కడ క్యాంపస్ లైఫ్ బాగుంటుందట” అన్నప్పుడు మొదలవుతుంది గొడవ. తండ్రికి కోపం వస్తుంది. “నిన్ను పంపేది చదువుకా, సావాసానికా?” అంటాడు. పిల్లవాడు తల దించుకుంటాడు. తల్లి మధ్యలో పడి మాట మారుస్తుంది.

ఆ తండ్రి ప్రశ్నను తేలికగా తీసివేయడానికి వీలులేదు. ఆయన వైపు న్యాయం ఉంది. కౌలు పొలం చేసి, మిర్చి ధర పడిపోయిన ఏడు కూడా ఎలాగో ఫీజు కట్టిన మనిషి ఆయన. ఇంట్లో ఇంకా ఇద్దరు చదవవలసిన వాళ్ళున్నారు. బ్యాంకు అప్పు కాగితాల మీద ఆయన సంతకం ఉంది. ఒకరి చెమటతో కొన్న సమయాన్ని మరొకరు పాటలకూ పార్టీలకూ ఖర్చు పెట్టవచ్చునా అన్నది నిజమైన నీతి ప్రశ్నే. “కాలం మారింది ఫాదర్” అన్నది దానికి జవాబు కాదు. అయితే పిల్లవాడు అడిగిన దానిలోనూ ఒక నిజం ఉంది. దానిని సరైన మాటల్లో చెప్పడం వాడికి చేతకాలేదు, అంతే. వాడి పక్షాన ఆ మాటలు వెదకడానికి ఈ వారం ప్రయత్నిద్దాం.

మొదట మాటలను విడదీసుకుందాం. తత్వశాస్త్రం చదివిన వారికి ఈ అలవాటు ఎన్నేళ్ళయినా పోదు, మన్నించండి. “క్యాంపస్ లైఫ్” అనే ఒక్క మాట కింద మనం రెండు వేరు వేరు సంగతులను కలిపి మూట కడుతున్నాం. ఒకటి వినోదం. ఏటేటా జరిగే ఉత్సవాలు, సినిమా పాటగాళ్ళ కచేరీలు, ఈత కొలను, కాఫీ దుకాణాలు. రెండవది సహవాసం. అంటే పిల్లవాడు రోజూ ఎవరి పక్కన కూర్చుని తింటాడు, అర్థం కాని పాఠం ఎవరిని అడుగుతాడు, జ్వరం వస్తే ఎవరు మాత్ర తెచ్చిస్తారు, రాత్రి పదకొండు గంటలకు గదిలో ఏ విషయం మీద వాదన నడుస్తుంది అన్నవి. మొదటిదానికి ఫోటో తీయవచ్చు, రంగుల పుస్తకంలో అచ్చు వేయవచ్చు. రెండవదానికి ఫోటో లేదు. మనిషిని మార్చేది మాత్రం ఆ ఫోటోకు అందనిదే. కొడుకు అడుగుతున్నది రెండవది. తండ్రికి వినిపిస్తున్నది మొదటిది. విశ్వవిద్యాలయాల ప్రకటనలు కూడా మొదటిదాన్నే చూపించి రెండవది ఇస్తామన్నట్టు భ్రమ కల్పిస్తాయి కనుక ఆయన అపార్థాన్ని తప్పు పట్టలేము.

అరిస్టాటిల్ సంగతి చూడండి. ఆయన 17 ఏళ్ళ వయసులో ఊరు విడిచి ఏథెన్సు నగరానికి, ప్లేటో నడిపే అకాడమీకి వచ్చాడు. వచ్చినవాడు 20 ఏళ్ళు అక్కడే ఉండిపోయాడు. తరువాత ఆయన పేరు మీద మనకు దక్కిన నీతిశాస్త్ర గ్రంథంలో పది భాగాలుంటే, అందులో రెండు భాగాలు పూర్తిగా స్నేహాన్ని గురించే. న్యాయాన్ని గురించి ఒక్క భాగమే! స్నేహాలు మూడు రకాలని ఆయన విభజన. అవసరం కోసం చేసేది, సంతోషం కోసం చేసేది, ఎదుటివాని మంచితనాన్ని చూసి చేసేది. మొదటి రెండూ చెడ్డవని ఆయన అనలేదు. అవసరం తీరితే మొదటిది పోతుంది, సరదా తగ్గితే రెండవది పోతుంది అన్నాడు, అంతే. మూడవది నిలుస్తుంది గాని అది అరుదు, పైగా దానికి కాలం కావాలి. కలిసి చాలినంత ఉప్పు తిన్నాక గాని ఒకరినొకరు తెలుసుకోలేరన్న సామెతను ఆయన అక్కడ గుర్తు చేస్తాడు. ఉప్పు తిన్న ఇంటి మాట మనకు కొత్త కాదు. మూడేళ్ళు ఒకే మెస్సులో తిన్న ఉప్పు తక్కువేమీ కాదు.

మరొక విషయం. “యూనివర్సిటీ” అన్న మాటకు సమస్త విద్యలూ దొరికే చోటని మనం అర్థం చెప్పుకుంటాం. ఆ మాట పుట్టినప్పుడు అర్థం అది కాదు. మధ్యయుగపు లాటిన్‌లో “యూనివర్సిటాస్” అంటే ఒక కట్టుగా ఏర్పడిన మనుషుల సంఘం. చెప్పులు కుట్టేవారి సంఘానికైనా, వర్తకుల సంఘానికైనా ఆ మాటే వాడేవారు. ఇటలీలోని బొలోన్యాలో 1088లో మొదలైందని సంప్రదాయంగా చెప్పే విద్యాలయంలో అలా సంఘం కట్టింది విద్యార్థులే. పరాయి ఊళ్ళ నుండి వచ్చి, అద్దెలకూ అన్యాయాలకూ తట్టుకోలేక వారు ఒక్కటయ్యారు. పంతుళ్ళను జీతానికి కుదుర్చుకున్నదీ వారే, పాఠం ఆలస్యంగా మొదలుపెడితే జరిమానా వేసిందీ వారే. (ఈ పద్ధతి తిరిగి రావాలని నేను కోరను.) పారిసులో 1257 ప్రాంతంలో రోబేర్ ద సోర్బోన్ అనే గురువు బీద విద్యార్థుల కోసం కట్టిన ఇంటికి కాలేజీ అని పేరు. కాలేజీ అన్నా కలిసి ఉండేవారి సమూహమనే. అంటే భవనం కంటే ముందు, సిలబస్ కంటే ముందు, పట్టా కంటే ముందు అక్కడ ఉన్నది సహవాసమే.

ఈ సంగతిని అందరికంటే గట్టిగా పట్టుకున్నవారు కార్డినల్ న్యూమన్. 2019 అక్టోబరు 13న జగద్గురువులు ఫ్రాన్సిస్ వారిని పునీతులుగా ప్రకటించారు. డబ్లిన్ నగరంలో కాథలిక్ విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పే పని మీద వెళ్ళినప్పుడు, 1852లో ఆయన తయారుచేసిన ప్రసంగాలలో అచ్చంగా మన ఇళ్ళలో జరిగే ఈ రెండు కాగితాల పోలిక వంటిదే ఒకటుంది. ఒక విశ్వవిద్యాలయంలో నివాసం లేదు, గురువుల పర్యవేక్షణ లేదు, ఎవరు వచ్చి అన్ని సబ్జెక్టులలో పరీక్ష రాసినా పట్టా ఇస్తారు. మరొక దానిలో పాఠాలూ లేవు, పరీక్షలూ లేవు, కుర్రవాళ్ళను మూడు నాలుగేళ్ళు ఒక చోట చేర్చి, ఆపైన పంపించివేస్తారు. బుద్ధికి శిక్షణ ఇవ్వడంలో ఏది మేలు? ఆశ్చర్యం ఏమంటే ఆయన రెండవదాన్నే ఎన్నుకున్నారు. చురుకైన, ఒకరి పట్ల ఒకరికి ఆసక్తి గల యువకులు ఒకచోట కలిసి బ్రతికితే, పాఠం చెప్పేవారు లేకపోయినా ఒకరి నుండి ఒకరు నేర్చుకుంటారని, ఒక్కొక్కరి మాటా మిగిలిన వారికి పాఠమవుతుందని ఆయన వాదన.

ఆయన దీనిని గాలిలో నుండి తీయలేదు. 1817లో, 16 ఏళ్ళ వయసులో ఆక్స్‌ఫర్డ్ ట్రినిటీ కాలేజీలో కాపురం మొదలుపెట్టినప్పుడు తోటి విద్యార్థుల తాగుడు చూసి విసిగిపోయిన కుర్రవాడు ఆయన. అదే కాలేజీలో, వచ్చిన తొలి రోజులలోనే జాన్ బౌడెన్ అనే యువకుడితో పరిచయమైంది. 1844లో బౌడెన్ చనిపోయేంత వరకు ఆ స్నేహం తెగలేదు. ఒకే గోడల మధ్య రెండు సహవాసాలూ ఉన్నాయి. ఇది తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసిన సంగతి. “మంచి క్యాంపస్”, “చెడ్డ క్యాంపస్” అని మనం ముద్రలు వేస్తాం గాని, లోపలికి పోతే ప్రతి దానిలోనూ అయిదారు క్యాంపసులు ఉంటాయి.

అయినా న్యూమన్‌గారి వాదనను నేను పూర్తిగా ఒప్పుకోలేను. ఆయన ఎదుట ఉన్న కుర్రవాళ్ళు ఎవరు? అందరూ మగపిల్లలే, ఎక్కువమంది కలిగిన ఇళ్ళవారు. చదువు పూర్తికాగానే కూడు వెదుక్కోవలసిన అగత్యం చాలామందికి లేదు. అటువంటివారిని పాఠం లేకుండా మూడేళ్ళు కలిపి ఉంచితే సంభాషణ తెలిసిన పెద్దమనుషులు తయారు కావచ్చు. కాని కిడ్నీకి కోత పెట్టవలసిన డాక్టరును, వంతెన కట్టవలసిన ఇంజనీరును సంభాషణతో తయారు చేయలేము. గుర్తింపు లేని కోర్సు, ల్యాబ్‌లో గాజు గొట్టాలు కూడా లేని కాలేజీ, ఏళ్ళ తరబడి ఖాళీగా ఉన్న అధ్యాపక పోస్టులు, ఇవన్నీ ఉన్నచోట “స్నేహితులు మంచివాళ్ళట” అన్న మాటకు తూకం లేదు. రెండు చోట్లా చదువు ఇంచుమించు సమానంగా ఉన్నప్పుడే సహవాసాన్ని త్రాసులో వేయాలి. అప్పుడు మాత్రం వేసి తీరాలి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. అసలు తత్వప్రశ్న ఇదేనని నాకనిపిస్తుంది. మన పెద్దలు ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు అన్నారు. ఆ మాట నిజమైతే, ఇవాళ ఎంచుకుంటున్న పిల్లవాడూ, రెండేళ్ళ తరువాత అక్కడ ఉండబోయే పిల్లవాడూ ఒకే మనిషి కాదు. ఇవాళ్టి ఇష్టాలతో వాడు ఒక చోటును కొలుస్తున్నాడు. ఆ చోటు వాడి ఇష్టాలనే మార్చివేస్తుంది. మారిపోయే కొలబద్దతో కొలవడం ఎలా? అమెరికా తత్వవేత్త ఎల్.ఏ.పాల్ 2014లో ఈ రకమైన నిర్ణయాల మీద ఒక పుస్తకమే రాశారు. మనిషిని లోపలి నుండి మార్చే అనుభవం ఎలా ఉంటుందో అది జరగక ముందు తెలియదు కనుక, “నాకు నచ్చుతుందా” అని ముందుగా లెక్క కట్టడం కుదరదని ఆమె చూపించారు.

అయితే చేతులెత్తేయాలా? అవసరం లేదు. ప్రశ్నను కొంచెం తిప్పి అడగవచ్చు. “అక్కడ నాకు బాగుంటుందా” అని కాకుండా, “అక్కడ మూడేళ్ళు ఉండి వచ్చినవాళ్ళు ఎలాంటి మనుషులయ్యారు? వాళ్ళలా కావడం నాకు సమ్మతమేనా?” అని అడగాలి. దీనికి జవాబు బయట నుండి కూడా కొంత దొరుకుతుంది. పండుగకు ఊరికి వచ్చిన సీనియర్లు కళ్ళ ఎదుటే ఉన్నారు. తల్లితో ఎలా మాట్లాడుతున్నారు, పుస్తకం ఊసు వస్తే ముఖం వెలుగుతుందా, ఊళ్ళో పాత స్నేహితులను పలకరిస్తున్నారా, చూడవచ్చు.

ఇదంతా మాటలేనా, రుజువు ఉందా అని అడిగే లెక్కల మాస్టార్లు మన పాఠకులలో ఉన్నారని నాకు తెలుసు. బ్రూస్ సాసర్‌డోట్ అనే ఆర్థికవేత్త 2001లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీ విద్యార్థులపై ఒక పరిశీలన ప్రచురించారు. అక్కడ మొదటి ఏడాది విద్యార్థులకు గదులలో జోడీలను దాదాపు చీటీలు వేసినట్టు కేటాయించేవారు. కనుక మంచివాళ్ళు మంచివాళ్ళను వెదుక్కున్నారని అనడానికి వీలులేదు. అలా చీటీలో వచ్చిన గదిమిత్రుని ప్రభావం మార్కుల మీద కనిపించింది, ఏ విద్యార్థి బృందంలో చేరారన్న దాని మీద కూడా కనిపించింది. ఏ సబ్జెక్టు ప్రధానంగా తీసుకున్నారన్న దాని మీద మాత్రం కనబడలేదు. అంటే సావాసం జీవితాన్నంతా మింగేయదు. అలాగని వట్టి గాలీ కాదు.

ఇంకొక పరిశీలన మన కుటుంబాలకు మరీ దగ్గరది. స్టేసీ డేల్, అలాన్ క్రూగర్ 2002లో ప్రచురించినది. పేరున్న కాలేజీలో సీటు వచ్చినా, అంత పేరు లేని కాలేజీలో చేరినవారి తరువాతి సంపాదనను, పేరున్న దానిలో చేరినవారి సంపాదనతో పోల్చారు. సగటున పెద్ద తేడా లేదు. చురుకైన పిల్లవాడు ఎక్కడ చదివినా తన దారి తాను చూసుకుంటాడన్న మాట. కాని ఒక్క మినహాయింపు. ఆదాయం తక్కువ ఉన్న ఇళ్ళ పిల్లలకు మాత్రం పేరున్న కాలేజీ వల్ల మేలు కలిగింది.

ఎందుకని? కారణం నాకు తోచినది చెబుతాను. కలిగినవారి పిల్లవాడికి క్యాంపస్ ఇచ్చేదంతా ఇంట్లో ముందే ఉంది. ఫలానా పరీక్ష ఉందని చెప్పడానికి మేనమామ ఉంటాడు. ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలో చెప్పడానికి అక్క ఉంటుంది. వాడికి సహవాసం అదనపు సొమ్ము. కూలి పనికి వెళ్ళే తల్లి కొడుక్కి, తన ఇంటిపేరు మీద మొదటిసారి డిగ్రీ గడప తొక్కిన అమ్మాయికి తోటి విద్యార్థులే మేనమామ, వారే అక్క. ఫెలోషిప్ ప్రకటన పడిందని చెప్పేది పక్క గది వాడే. “నీకు వస్తుందిరా, రాయి” అని అప్లికేషన్ నింపించేది వాడే. కాబట్టి “మనవంటి వాళ్ళకెందుకు ఆ క్యాంపస్ లైఫ్, అదంతా డబ్బున్న వాళ్ళకు” అని మన ఇళ్ళలో అనుకోవడం తలకిందుల లెక్క.

కాని ఆ సహవాసం నిజంగా మన పిల్లవాడికి అందుతుందా? అసలు గుండె దడ ఇక్కడే. మన విచారణలలో అధిక సంఖ్యాకులు దళిత కుటుంబాలవారు. క్రైస్తవులైన కారణంగా బి.సి.-సి జాబితాలో ఒక్క శాతం రిజర్వేషన్‌తో సరిపెట్టుకున్నవారు. ఆ బిడ్డ హాస్టల్లో అడుగుపెట్టగానే మొదటి వారంలో ఎదురయ్యే ప్రశ్న, “మీరేమిట్లు?” దాన్ని తిన్నగా అడగరు. ఇంటిపేరు అడుగుతారు, ర్యాంకు అడుగుతారు, ఏ కోటాలో వచ్చావని అడుగుతారు. ఆ తరువాత మెస్సులో బల్లలు వాటంతటవే విడిపోతాయి. గోడ మీద ఏమీ రాసి ఉండదు. కూర్చునేవాళ్ళకు మాత్రం తెలుస్తుంది.

మహాభారతంలో ద్రోణుడు, ద్రుపదుడు ఒకే ఆశ్రమంలో చదువుకున్నారు. సహాధ్యాయులు, ప్రాణస్నేహితులు. తరువాత ఒకడు రాజయ్యాడు, ఒకడు పిల్లవాడికి పాలు పోయలేని దరిద్రుడయ్యాడు. పాత స్నేహం గుర్తు చేస్తూ వెళ్ళిన ద్రోణునితో, సమానుల మధ్యనే స్నేహం కుదురుతుందని ద్రుపదుడు అవమానించి పంపాడు. ఆ తరువాత ఎంత రక్తం పారిందో మీకు తెలుసు. చదువుకునే రోజుల్లో సమానత్వం కొంతకాలం అద్దెకు దొరికినట్టు ఉంటుంది. అది నిలుస్తుందా లేదా అన్నది ఆ సంస్థ గాలిలో ఉంటుంది. ఫీజు తక్కువని, ఊరికి దగ్గరని చూసి, ఆ గాలి సంగతి అడగకుండా చేర్చితే, మన బిడ్డ మూడేళ్ళు ఒక మూల బల్ల దగ్గర ఒంటరిగా అన్నం తిని వస్తాడు. పట్టా వస్తుంది. కాని వాడు తనను గురించి ఏమనుకుంటూ తిరిగివస్తాడన్నది కూడా మనం కట్టిన ఫీజులో భాగమే కదా.

ఆడపిల్లల విషయంలో మన త్రాసు మరీ వంకర. అదే క్యాంపస్‌లో, అదే స్నేహితుల గుంపు కొడుక్కయితే “లోకజ్ఞానం”, కూతురికయితే “ప్రమాదం”. హాస్టలు గేటు మగపిల్లలకు ఒక వేళకు, ఆడపిల్లలకు అంతకంటే ముందు వేళకు మూసే పద్ధతి మీద 2015లో ఢిల్లీ విద్యార్థినులు ఒక ఉద్యమమే నడిపారు. వారి నినాదాలన్నీ మనకు నచ్చకపోవచ్చు. వారు అడిగిన ఒక ప్రశ్నకు మాత్రం నాకు జవాబు దొరకలేదు. గ్రంథాలయం రాత్రి వరకు తెరిచి ఉంటే, దాని కోసం ఇద్దరూ ఒకే ఫీజు కడితే, ఒకరు మాత్రమే అందులో కూర్చోవడం ఏం న్యాయం? కూతురి భద్రత చూడవద్దని నేననను. రాత్రి గ్రంథాలయం నుండి హాస్టలు దాకా దీపాలు ఉన్నాయా, ఫిర్యాదు చేస్తే వినేవారున్నారా అని అడగండి. అది భద్రత. గేటు ఎంత తొందరగా మూస్తారని మాత్రమే అడిగితే అది వేరే భయం.

ర్యాగింగ్ సంగతి చెప్పకుండా దాటలేను. ఇది నిన్న మొన్నటిది కాదు. నాలుగవ శతాబ్దంలో పునీత బసీలు చదువుకు ఏథెన్సు వచ్చినప్పుడు, కొత్తవాడిని మాటలతో గుచ్చి, సంత మధ్య నుండి స్నానశాల దాకా ఊరేగించి, తలుపు దగ్గర కేకలతో బెదరగొట్టే ఆచారం అక్కడ ఉండేది. ముందుగా వచ్చిన పునీత నజియాంజు గ్రెగోరి, తోటివారికి నచ్చజెప్పి బసీలును దాని నుండి తప్పించారు. వారి స్నేహం అక్కడే చిగురించిందని ఆయనే తరువాత చెప్పుకున్నారు. ఆ ఒక్క సీనియర్ లేకపోతే బసీలు ఏథెన్సును ఏమనుకుని ఉండేవారో! మనకు ఇప్పుడు చట్టాలున్నాయి. ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. 2009లో యు.జి.సి. నిబంధనలు వచ్చాయి. 1800-180-5522 అనే ఉచిత ఫోను నంబరు ఉంది, రాసి పెట్టుకోండి. అయితే చట్టం ఫిర్యాదు వచ్చాక పని చేస్తుంది. గ్రెగోరి వంటి సీనియర్లు ముందే పని చేస్తారు. ఒక చోట అటువంటివారు ఎంతమంది ఉన్నారన్నది ఏ ర్యాంకుల పట్టికలోనూ ఉండదు.

“దగ్గరలో గుడి ఉందా ఫాదర్, ఆదివారం పూజకు వెళ్ళగలడా?” అని మాత్రమే అడిగే తల్లులు ఉన్నారు. మంచి ప్రశ్నే. కాథలిక్ విద్యార్థుల ఐకఫ్ సంఘం ఉందా అని కూడా అడగండి. కాని అంతటితో తృప్తి పడకండి. పునీత అగుస్తీను స్నేహితుడు అలీపియుసు వంటి బుద్ధిమంతుడినే రోములో తోటి విద్యార్థులు లాగుకుపోయి కత్తియుద్ధాల గోదాలో కూర్చోబెట్టారు. కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నాడట. జనం ఒక్కసారి గోలపెట్టగానే తెరిచాడు. అంతే, ఆ రక్తపు ఆటకు బానిసయ్యాడు. అగుస్తీనుగారి సంగతి మరీ విచిత్రం. కార్తేజులో ఆయన పాఠాలు చెప్పేటప్పుడు అల్లరి విద్యార్థులు తరగతుల మీద పడేవారు. రోములో కుర్రవాళ్ళు క్రమశిక్షణతో ఉంటారని విని 383లో అక్కడికి వెళ్ళారు. అంటే క్యాంపస్ వాతావరణం చూసే ఊరు మారారు! తీరా చూస్తే రోము విద్యార్థులు అల్లరి చేయరు గాని, ఫీజు కట్టవలసిన రోజు వచ్చేసరికి గుంపుగా వేరే పంతులు దగ్గరకు జారుకుంటారు. దూరం నుండి విన్న పేరును నమ్మి వెళితే ఇదే వరస. మరుసటి ఏడు ఉద్యోగం కోసం మిలాను వెళ్ళినప్పుడే ఆయనకు మేత్రాణులు అంబ్రోసు గారి పరిచయం కలిగింది.

అందుకే వినడం కంటే వెళ్ళి చూడడం మేలంటాను. పల్నాడులో ఒక పల్లె నుండి ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి, డిగ్రీ ముగించిన ఒక అమ్మాయిని ఊహించుకోండి. రసాయనశాస్త్రం ఎమ్మెస్సీకి ఆమెకు రెండు చోట్ల అవకాశం వచ్చింది. ఒకటి విశాఖపట్నంలో 1926 నాటి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు. రెండవది హైదరాబాదు గచ్చిబౌలిలో 1974లో ఏర్పడిన కేంద్రీయ విశ్వవిద్యాలయం. రెండు చోట్లా చదువు ఉంది, పేరు ఉంది. మొదటి చోట తెలుగు వినిపిస్తుంది, ఇంటి మనుషుల మధ్య ఉన్నట్టుంటుంది. రెండవ చోట ఒడిశా, కేరళ, బెంగాల్ పిల్లలతో కలిసి తిరగాలి. మొదట నోరు పెగలదు, తరువాత ఇంగ్లీషు వస్తుంది, లోకం వెడల్పు అవుతుంది. ఏది మేలు? ఆ అమ్మాయి బిడియం ఎంత, ధైర్యం ఎంత అన్నది తెలియకుండా నేను చెప్పలేను. నోరు పెగలని మొదటి ఆరు నెలలు తట్టుకోగల పిల్లయితే హైదరాబాదు అంటాను. ఒంటరితనంతో చదువే ఆగిపోయే స్వభావమైతే విశాఖ అంటాను, దానిలో చిన్నతనం ఏమీ లేదు. తండ్రి వేసిన ఫీజు లెక్కలో ఈ వరుస ఉండదు. ఆ అమ్మాయే పూరించాలి.

పూరించే ముందు ఒక్కరోజు ప్రయాణం పెట్టుకోవాలి. సెలవులు ముగిసి, పిల్లలు వచ్చాక, మామూలు పని రోజున వెళ్ళాలి. ప్రవేశాల కోసం ముస్తాబు చేసిన రోజున కాదు. ప్రిన్సిపాలు గది కంటే భోజనశాల ముఖ్యం. రాత్రి ఎనిమిది గంటలకు ఎవరు ఎవరితో కూర్చున్నారు, ఎంతమంది ఒంటరిగా ఫోను చూసుకుంటూ తింటున్నారు, వడ్డించే మనిషిని పేరు పెట్టి పిలుస్తున్నారా “ఏయ్” అంటున్నారా, కొత్తగా వచ్చిన పిల్లను చూసి ఎవరైనా కొంచెం జరిగి చోటిస్తున్నారా. తరువాత గ్రంథాలయం దాకా నడిచి రావాలి. రెండవ సంవత్సరం విద్యార్థినులు ఇద్దరు ముగ్గురితో విడివిడిగా మాట్లాడాలి. “ఇక్కడ బాగుంటుందా” అని కాదు, “నీకు పోయినసారి ఒంట్లో బాగోలేనప్పుడు ఎవరు చూశారు” అని అడగాలి.

తండ్రి కూడా వెంట వెళ్ళడం మంచిదే. కాని భోజనశాలలోకి అమ్మాయిని ఒక్కదానినే పంపాలి. పక్కన తండ్రి ఉంటే ఎవరూ ఉన్న మాట చెప్పరు. ఆయన గేటు బయట టీ బడ్డీ దగ్గర కూర్చోవచ్చు. అక్కడ టీ కలిపే మనిషికి ఆ క్యాంపస్ సంగతి చాలా తెలిసి ఉంటుంది. రెండు టీలు తాగేంత సేపు కూర్చుంటే ఆయనే చెబుతాడు.